పాత ఫీడర్ పునరుద్ధరణ: భూగర్భ కేబుల్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: రికార్డుల పని

మాకు అప్పగించిన ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్, 11 కేవీది (11,000 వోల్టులది). సబ్‌స్టేషన్ బ్రేకర్ దగ్గర మొదలై, నగరంలో బాగా కిక్కిరిసిన వాణిజ్య ప్రాంతం కిందుగా మూడు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఒక ఆసుపత్రి, ఒక నీటి పంపింగ్ కేంద్రం, లెక్కలేనన్ని దుకాణాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. ఎక్కువ భాగం పాత రకం కేబుల్: నూనెలాంటి సమ్మేళనంలో నానిన కాగితపు ఇన్సులేషన్, దానిపై సీసపు తొడుగు, ఆపైన ఉక్కు పట్టీల కవచం. ఫాల్టు వచ్చిన చోటల్లా పాత ముక్క కోసి, ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథీన్ ఇన్సులేషన్) కేబుల్ అతుకుతూ వచ్చారు. ఇప్పుడది పాత కాగితం, కొత్త ప్లాస్టిక్ కలగలిసిన గీత.

ఆస్తుల రిజిస్టర్‌లో మాత్రం మొత్తం ఫీడర్‌కు ఒకే ఒక్క సంవత్సరం రాసి ఉంది. ఆ సంవత్సరం చూసి, ఆయుష్షు తీరింది కాబట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా మార్చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. నేను దానితో ఏకీభవించలేదు. మూడు కిలోమీటర్ల వీధి తవ్వి, ఇంకా చాలా ఏళ్లు పనిచేయగల కేబుల్‌ను బయట పారేసి, అదే తొందరలో కొత్త జాయింట్లు (రెండు కేబుల్ ముక్కలను కలిపే అతుకులు) డజన్ల కొద్దీ వేయడం మేలు అనిపించుకోదు. కేబుల్ అన్నిచోట్లా ఒకేలా ముసలిదవదు. ఒక చోట తడి నేల, ఇంకో చోట బస్సుల అదురు, మరోచోట పక్కనే నడిచే ఇతర కేబుళ్ల వేడి, ఇంకోచోట హడావిడిగా అర్ధరాత్రి చేసిన జాయింట్. ఏ మీటరు ఎలా ఉందో తెలుసుకున్నాకే ఏది మార్చాలో చెబుతామని అడిగాం. ఒప్పుకున్నారు.

మొదటి పని పాత కాగితాల వేట. జాయింట్ రిజిస్టర్లు, మరమ్మతు నివేదికలు, చేతితో గీసిన రూట్ మ్యాపులు. మ్యాపుల్లో కేబుల్‌ను ఏదో ఒక గోడ నుంచి ఇన్ని అడుగులని గుర్తించారు. ఆ గోడల్లో సగం ఇప్పుడు లేవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొలత మొదలైన అంచే జరిగిపోయింది. అయినా ఆ మ్యాపులు గీసినవారి శ్రద్ధ చూస్తే గౌరవం కలుగుతుంది. ప్రతి జాయింట్ పక్కన తేదీ, నేల రకం, లోతు రాశారు. ఆ తర్వాతి మరమ్మతుల నివేదికల్లో మాత్రం చాలావాటిలో "ఫాల్టు సరిచేయబడింది" అన్న ఒక్క వాక్యమే. ఏ కేబుల్ వాడారు, ఎంత పొడవు, జాయింట్ ఎక్కడ అన్నది లేదు.

మార్చి మొదటి వారం: మార్గం గుర్తింపు

కేబుల్‌లోకి ఆడియో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పంపి, పైనుంచి లొకేటర్‌తో మార్గం పట్టుకుంటూ నడిచాం. ఖాళీ నేలలో ఇది తేలిక. నగరంలో అలా కాదు. నీటి పైపు, గ్యాస్ పైపు, టెలిఫోను కేబుళ్లు, వీధి దీపాల తీగలు అన్నీ ఒకే కాలిబాట కింద ఉంటాయి. సిగ్నల్ పక్క లోహంలోకి జారుకుని, లేనిచోట కేబుల్ ఉన్నట్టు చూపిస్తుంది. అనుమానం ఉన్న చోట చేతి పనిముట్లతో ట్రయల్ పిట్ తీసి కంటితో చూశాం. యంత్రంతో తవ్వడానికి నేను ఒప్పుకోలేదు. నగరాల్లో కేబుళ్లకు అన్నిటికంటే పెద్ద శత్రువు వయసు కాదు, వేరే పని కోసం తవ్వేవారి యంత్రపు పళ్లు.

ఒక కూడలి దగ్గర పిట్ తీస్తే మూడు కేబుళ్లు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. మూడూ ఒకే మందం, ఒకే మట్టిరంగు. ఏది మనది? ఇలాంటప్పుడు ఊహతో కత్తి పెట్టడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. గుర్తింపు పరికరంతో కేబుల్‌లోకి పల్సులు పంపి, ఒక్కోదానికి క్లాంపు తగిలించి దిశ చూసి నిర్ధారించుకున్నాం. కోయాల్సి వస్తే ఇదొక్కటే చాలదు. లైన్ క్లియర్ (లైన్ మీద పని చేసే అనుమతి) తీసుకుని, రెండు చివర్లా వేరుచేసి, తాళం వేసి, ఎర్త్ చేసి, చివరికి దూరం నుంచి పేల్చే స్పైకింగ్ గన్‌తో కేబుల్‌లోకి మేకు దింపి, అది నిజంగా చచ్చిన కేబులేనని రుజువయ్యాకే జాయింటర్ చేయి దాన్ని తాకాలి. ఈ వరుసలో ఒక మెట్టు దాటవేయమని ఎంత ఒత్తిడి వచ్చినా వినకూడదు.

మ్యాన్‌హోల్స్‌లో దిగే ముందు గ్యాస్ డిటెక్టర్‌తో ఆక్సిజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ చూశాం. ఎక్కడో ఇన్సులేషన్ నెమ్మదిగా కాలుతుంటే వెలువడే వాయువులు డక్టుల గుండా దూరంగా ఉన్న మ్యాన్‌హోల్‌లోకి చేరి నిలుస్తాయి. పైన మూత తీసి ఉంది కదా అని ధైర్యం చేయకూడదు.

వారం చివరికి కొత్త మ్యాపు తయారైంది. ప్రతి ముక్క ఏ రకం, ఎంత పొడవు, జాయింట్ ఎక్కడ అన్నది దానిలో ఉంది. రిజిస్టర్‌లో లేని జాయింట్లు నాలుగు దొరికాయి.

మార్చి మధ్య: పరీక్షలు

పాత రోజుల్లో కాగితపు కేబుల్‌ను అధిక డీసీ వోల్టేజీతో పరీక్షించేవారు. కాగితానికి అది సరిపోతుంది. ముసలి ఎక్స్‌ఎల్‌పీఈకి అది హాని. డీసీ వల్ల ఇన్సులేషన్‌లో ఆవేశం చిక్కుకుపోతుంది. పరీక్షలో నెగ్గిన కేబుల్ తిరిగి చార్జి చేశాక కొద్ది రోజుల్లో ఫెయిల్ కావచ్చు. మా ఫీడర్ కలగాపులగం కాబట్టి డీసీని పూర్తిగా పక్కన పెట్టి, వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) వాడాం. అంటే 0.1 హెర్ట్జ్ ఏసీ. కేబుల్ ఒక పొడవాటి కెపాసిటర్. 50 హెర్ట్జ్ దగ్గర దాన్ని చార్జి చేయడానికి కావలసిన కరెంటుతో పోలిస్తే 0.1 హెర్ట్జ్ దగ్గర 500వ వంతు చాలు. అందుకే వీధిలోకి వ్యానులో తీసుకెళ్లగల యంత్రంతో పని జరుగుతుంది.

టాన్ డెల్టా కొలత ఇన్సులేషన్ ఎంత శక్తిని వేడిగా వృథా చేస్తోందో చెబుతుంది. ఫేజుకు, భూమికి మధ్య ఉండే మామూలు వోల్టేజీకి సగం దగ్గర, అంతే దగ్గర, ఒకటిన్నర రెట్ల దగ్గర చదివాం. మంచి ఎక్స్‌ఎల్‌పీఈలో విలువ చిన్నది, వోల్టేజీ పెంచినా దాదాపు కదలదు. తేమ చేరితే వోల్టేజీతోపాటు పైకి లేస్తుంది. ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) 400.2 మార్గదర్శకాల 2013 కూర్పు ప్రకారం పాలిథీన్ రకాలకు వెయ్యింటికి 4 లోపు ఉంటే దిగులు లేదు. కాగితపు కేబుల్‌కు సహజంగానే ఎక్కువ ఉంటుంది. రెండూ కలిసిన ఫీడర్‌ను ఒక చివర నుంచి మొత్తంగా కొలిస్తే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. కాగితపు పెద్ద విలువలో ప్లాస్టిక్ జబ్బు దాగిపోతుంది. అందుకని ఒక్కో రింగ్ మెయిన్ యూనిట్ (రెండు వైపుల నుంచి సరఫరా అందే రింగులోని స్విచ్ పెట్టె) నుంచి తర్వాతి దానికి, భాగాలుగా విడదీసి కొలిచాం. ప్రతి కొలత తర్వాత కేబుల్‌ను డిస్చార్జి చేసి ఎర్త్ కట్టి ఉంచాం. వదిలేస్తే అది చాలాసేపు ఆవేశాన్ని పట్టుకుని ఉంటుంది.

ఫలితం నన్ను ఆలోచనలో పడేసింది. అందరూ భయపడిన కాగితపు భాగాలు చాలావరకు నిలకడగా ఉన్నాయి. చరిత్ర ప్రకారం కొత్తగా చెప్పుకునే ఎక్స్‌ఎల్‌పీఈ ముక్కల్లో మూడు, ముఖ్యంగా పల్లపు నేలలోవి, వోల్టేజీతోపాటు పైకి పోతున్నాయి.

దీనికి కారణం కొత్తదేమీ కాదు. మొదటి తరం ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లు ఆవిరితో క్యూర్ చేసినవి, అంటే ఇన్సులేషన్‌ను వేడి ఆవిరిలో గట్టిపరిచినవి. సెమీకండక్టింగ్ పొరలు (ఇన్సులేషన్‌కు లోపల, బయట ఉండి విద్యుత్ క్షేత్రాన్ని సమంగా పరిచేవి) టేపుగానో, పూతగానో ఉండేవి. బయటి తొడుగు నీటిని పూర్తిగా ఆపేది కాదు. నీరు, విద్యుత్ క్షేత్రం కలిస్తే పాలిథీన్ లోపల చెట్టు కొమ్మల్లాంటి సూక్ష్మ చీలికలు పెరుగుతాయి. వీటినే వాటర్ ట్రీలంటారు. 1960ల చివర్లోనే వీటిని గమనించారు. తర్వాత మూడు పొరలు ఒకేసారి పోసే పద్ధతి, పొడి క్యూరింగ్, ట్రీలను అడ్డుకునే మిశ్రమాలు వచ్చాయి. కానీ అప్పటికే నేలలో వేసినవి నేలలోనే ఉన్నాయి. వాటిలోకి సిలికాన్ ద్రవం ఎక్కించి ఇన్సులేషన్‌కు మళ్లీ బలం తెచ్చే పద్ధతి ఉంది. అయితే తీగల మధ్య ద్రవం పారడానికి దారి ఉండాలి. మా ముక్కలు పొట్టివి, మధ్యలో జాయింట్లు దట్టంగా ఉన్నాయి. వాటికి మార్పిడే సరైన దారి అనిపించింది.

మార్చి చివర: ఫాల్టు

మేం మార్చబోయే జాబితా తయారు చేస్తుండగానే ఫీడర్ ట్రిప్పయింది. సరఫరాను రింగు రెండో వైపు నుంచి మళ్లించి, ఆసుపత్రికి ముందుగా కరెంటు ఇచ్చాక, ఫాల్టు ఉన్న భాగాన్ని వేరు చేశాం. మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) ఒక ఫేజులో బలహీనతను చూపించింది. కానీ అధిక నిరోధపు ఫాల్టు కావడంతో మామూలు పల్సు ఎకోలో ఏమీ కనబడలేదు. ఆర్క్ రిఫ్లెక్షన్ పద్ధతిలో సర్జి (క్షణకాలపు అధిక వోల్టేజీ పల్సు) పంపి, ఫాల్టు దగ్గర మెరుపు వెలిగిన ఆ క్షణంలోనే పల్సు పంపితే, అక్కడి నుంచి ఎకో వచ్చింది. 14.2 మైక్రోసెకన్లు.

ఇక్కడే మార్చి మొదటి వారంలో గీసిన మ్యాపు మాకు కళ్లిచ్చింది. పల్సు వెళ్లి రావడానికి కాగితపు కేబుల్‌లో మైక్రోసెకనుకు సుమారు 80 మీటర్ల లెక్క, ఎక్స్‌ఎల్‌పీఈలో సుమారు 84. మొత్తం కాగితమే అనుకుంటే ఫాల్టు 1,136 మీటర్ల దగ్గర. మొత్తం ఎక్స్‌ఎల్‌పీఈ అనుకుంటే దాదాపు 1,193. కూడలికి ఇటా, అటా అన్నంత తేడా. మ్యాపు ప్రకారం మొదటి 640 మీటర్లు కాగితం, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌పీఈ. అంటే 8 మైక్రోసెకన్లు కాగితంలో, మిగిలిన 6.2 ఎక్స్‌ఎల్‌పీఈలో. లెక్క కడితే సుమారు 1,161 మీటర్లు. ఆ కొలత దగ్గర మా కొత్త మ్యాపులో ఒక జాయింట్ ఉంది, అదీ పాత రిజిస్టర్‌లో లేని నాలుగింటిలో ఒకటి.

చివరి నిర్ధారణకు థంపర్ (పదేపదే సర్జి పంపి ఫాల్టు దగ్గర చప్పుడు పుట్టించే యంత్రం) పెట్టి, గ్రౌండ్ మైక్రోఫోనుతో విన్నాం. చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే తవ్వాలన్న అలవాటు చాలామందికి ఉంది. డక్టులు, రాళ్లు, రోడ్డు పొరలు చప్పుడును పక్కకు మోసుకెళ్తాయి. విద్యుదయస్కాంత పల్సు పరికరానికి తక్షణమే చేరుతుంది, శబ్దం వెనకగా వస్తుంది. ఆ రెండింటి మధ్య వ్యవధి ఎక్కడ కనిష్ఠంగా ఉందో అక్కడే ఫాల్టు. సర్జి వోల్టేజీని మాత్రం అవసరమైనంతకే ఉంచాం. ముసలి కేబుల్‌ను గంటల తరబడి థంపర్‌తో బాదితే, ఈ ఫాల్టు దొరికేలోపు ఇంకో బలహీన చోటును మనమే చెడగొట్టినవాళ్లమవుతాం.

గొయ్యి తీశాక రెండు సంగతులు బయటపడ్డాయి. కేబుల్ చుట్టూ ఉండాల్సిన ఇసుక పరుపు లేదు. ఎవరో వేరే పైపు వేసేటప్పుడు దాన్ని తోడేసి, కట్టడాల శిథిలాలతో, విరిగిన ఇటుకలతో పూడ్చేశారు. హెచ్చరిక టేపు ముక్కలై ఆ రాళ్ల మధ్య ఉంది. రెండోది జాయింట్ లోపల కనిపించింది. విప్పుతుంటే మా పెద్ద జాయింటర్ సెమీకండక్టింగ్ పొర ఆగిపోయిన అంచు చూపించాడు.

"ఇదిగో సార్, కత్తి లోతు చూడండి. ఇక్కడే మొదలైంది."

ఎక్స్‌ఎల్‌పీఈ మీద చుట్టూ ఒక సన్నని గాటు. పొర తీసేటప్పుడు కత్తి రవ్వంత లోతుగా దిగింది. నల్లటి కార్బన్ జాడ సరిగ్గా ఆ గాటు నుంచే ఫెర్రూల్ (రెండు కండక్టర్లను కలిపే లోహపు గొట్టం) వైపు పాకింది. విద్యుత్ క్షేత్రం అన్నిటికంటే ఎక్కువగా పోగయ్యేది ఆ అంచు దగ్గరే. దానికి తోడు చుట్టూ వేడి పోని శిథిలాలు. గాటు ఎప్పటి నుంచో ఉంది, వేడి దాన్ని తొందరపెట్టింది.

ఏప్రిల్ మొదట్లో: జాయింట్ల గురించి కొంచెం

ఈ పనిలో ఉన్నవాళ్లం కేబుల్ అని మాట్లాడతాం గానీ, చాలాసార్లు మనం కాపాడేది జాయింట్లనే. కేబుల్ ఫ్యాక్టరీలో, నియంత్రించిన పరిస్థితుల్లో తయారవుతుంది. జాయింట్ బురద గొయ్యిలో, దుమ్ములో, పైన ట్రాఫిక్ ఆగి హారన్లు మోగుతుండగా మనిషి చేతుల్లో తయారవుతుంది. బ్రిటిష్ ఇంజినీరు సెబాస్టియన్ డీ ఫెరాంటి డెప్ట్‌ఫర్డ్ విద్యుత్ కేంద్రం నుంచి లండన్‌కు 10,000 వోల్టుల కేబుల్ వేసినప్పుడు, మైనంలో నానిన కాగితం చుట్టిన రాగి గొట్టాలను సుమారు 6 మీటర్ల ముక్కలుగా తయారుచేశారు. ప్రతి 6 మీటర్లకూ ఒక జాయింట్! అయినా వాటిలో కొన్ని 1933 దాకా పనిచేశాయి. ఆ అతుకుల కోసం అప్పటి మనుషులు పడిన తపనను నేను ఎన్నోసార్లు తలుచుకుంటాను.

మా చోట ఫాల్టు భాగానికి ఒక వైపు ఎక్స్‌ఎల్‌పీఈ, మరోవైపు కొద్ది దూరంలోనే కాగితం మొదలవుతుంది. నీరు కాగితంలోకి పోయిందేమోనని అనుమానం. సీసపు తొడుగు తెరిచి, కండక్టర్‌కు దగ్గరి పొర నుంచి కాగితపు ముక్కను పట్టకారుతో లాగాం. చేతితో ముట్టుకుంటే చెమట తేమే కొలతను చెడగొడుతుంది. వేడి నూనెలో ముంచాం. తేమ ఉంటే చిటపటలాడుతూ బుడగలు వస్తాయి. ఎంత ఆధునిక పరికరమున్నా ఈ పరీక్షను నేను మానను. క్షణాల్లో నిజం చెబుతుంది.

మొదటి ముక్క నురగలు కక్కింది.

"మీరు చెప్పండి అన్నా, ఎంత దూరం కోద్దాం?"

"కాగితం మౌనంగా ఉండేదాకా కోద్దాం సార్. మధ్యలో ఆపితే మళ్లీ ఇక్కడికే వస్తాం."

అలాగే కోశాం. నూనె నిశ్చలంగా ఉన్న చోటుకు చేరేసరికి మేం అనుకున్నదానికంటే చాలా ముందుకు వచ్చాం. రాత్రి వేళ అయినా ఎవరూ తొందరపెట్టలేదు.

ట్రాన్సిషన్ జాయింట్‌లో అసలు కష్టం రెండు భిన్నమైన పదార్థాలను ఒక చోట బతికించడం. కాగితంలోని సమ్మేళనం ప్లాస్టిక్ వైపు కారకూడదు. అందుకు ఆయిల్ బ్యారియర్ గొట్టాలను ఒక్కో ఫేజు మీద ఎక్కించి వేడితో బిగించాలి. పాత కేబుల్‌లో సమ్మేళనం ఎత్తు నుంచి పల్లానికి జారి, ఎత్తు చివర ఎండిపోయి ఉండవచ్చు. అది కూడా చూసుకున్నాం. సీసపు పని చేసేవారికి చేతి తొడుగులు, గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి చేశాం. ఫెర్రూల్ క్రింపు చేశాక దాని అంచులను నున్నగా రుద్దాలి. ఒక్క మొనదేరిన అంచు కొన్నేళ్ల తర్వాత ఫాల్టు అవుతుంది. ప్రతి దశకూ ఫోటో తీసి, జాయింటర్ పేరుతో సహా రిజిస్టర్‌లో చేర్చాం. తప్పు పట్టడానికి కాదు. మంచి పని ఎవరిదో తెలియాలని, తర్వాత వచ్చేవారికి లోపల ఏముందో తెలియాలని.

ఏప్రిల్ మధ్య: మట్టి

శిథిలాల పూడిక తొందరపెట్టిన ఈ ఫాల్టు తర్వాత ఫీడర్ మొత్తానికి నేల గురించి పట్టించుకున్నాం. ఎక్స్‌ఎల్‌పీఈ కండక్టర్ నిరంతరం 90 డిగ్రీల దాకా ఉండగలదు. కానీ ఎంత కరెంటుకు ఆ 90 వస్తుందో నిర్ణయించేది మట్టి. తడిగా, గట్టిగా కూరిన మట్టికి ఉష్ణ నిరోధకత సుమారు 1 కెల్విన్ మీటర్ ప్రతి వాట్ ఉంటే, ఎండిన నేలలో అది రెండున్నరకు చేరవచ్చు. పైగా కేబుల్ వేడెక్కితే చుట్టూ ఉన్న తేమ దూరంగా వెళ్లిపోతుంది. తేమ పోతే మట్టి ఇంకా వేడి ఆపుతుంది. ఆ చక్రం ఒకసారి మొదలైతే కేబుల్ రేటింగు కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌ను గుర్తుచేసుకోకుండా ఈ విషయం రాయలేను. 1998లో ఆ నగర కేంద్రానికి సరఫరా చేసే నాలుగు 110 కేవీ భూగర్భ కేబుళ్లు, రెండు గ్యాస్ నింపినవి, రెండు నూనె నింపినవి, జనవరి 22న, ఫిబ్రవరి 9, 19, 20 తేదీల్లో ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయాయి. ఒకటి పోగానే భారం మిగిలిన వాటి మీద పడింది. నగర కేంద్రం సుమారు ఐదు వారాలు సరిపడా విద్యుత్ లేకుండా గడిపింది. ఒక నగర కేంద్రం మొత్తం నాలుగు గీతల మీద నిలబడి ఉందని, ఆ గీతలు మట్టి మీద ఆధారపడి ఉన్నాయని అప్పుడు అందరికీ తెలిసింది.

మేం థర్మల్ నీడిల్‌తో మట్టిని చాలా చోట్ల కొలిచాం. ఎక్కువ చోట్ల బాగుంది. రెండు చోట్ల, రెండూ ఇతరులు తవ్వి పూడ్చినవే, నిరోధకత ఎక్కువ. అక్కడ శిథిలాలు తీసి, సరైన కూర్పు గల ఇసుకతో కూరి, టేపు, రక్షణ పలకలు వేసి పూడ్చాం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, కానీ ఎవరికీ కనిపించని పని. ఇతర శాఖలవారు తవ్విన ప్రతిచోటా మా మనిషి ఒకరు పూడిక దాకా నిలబడేలా ఏర్పాటు చేయాలని రాతపూర్వకంగా అడిగాం.

మే: మార్పిడి, మళ్లీ పరీక్ష

కోసిన ఎక్స్‌ఎల్‌పీఈ ముక్కల్లో ఒకదాన్ని ప్రయోగశాలకు పంపాం. సన్నని పొరలుగా కోసి, మిథిలీన్ బ్లూ రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశారు. ఇన్సులేషన్ మధ్యలో మొదలై రెండు వైపులా విచ్చుకునే ట్రీలతోపాటు, సెమీకండక్టింగ్ పొర నుంచి లోపలికి పెరిగేవీ ఉన్నాయి. ప్రమాదకరమైనవి ఈ రెండోవే, ఎందుకంటే వీటికి నీటి సరఫరా ఆగదు. టాన్ డెల్టా చెప్పిందే కళ్లెదుట కనిపించింది.

ఆ మూడు పల్లపు ముక్కలనూ మార్చాం. కాగితపు భాగాలు ఎక్కువగా అలాగే ఉన్నాయి. వంతెన మీదుగా వెళ్లే చిన్న భాగాన్ని మాత్రం తీసేశాం. నిరంతర అదురుకు సీసం అలసి, తొడుగు మీద వెంట్రుక వాసి పగుళ్లు వచ్చాయి. ఇంకా చుక్క నీరు చేరలేదు గానీ చేరేదే. కొత్త ముక్కలకు బయటి తొడుగు పరీక్ష 5 కేవీ డీసీతో చేశాం. లోపలి ఇన్సులేషన్‌కు కాదు, బయటి తొడుగుకే కాబట్టి ఇక్కడ డీసీకి అభ్యంతరం లేదు. ఒక ముక్కలో తొడుగు చిరిగిన చోటు బయటపడింది, లాగేటప్పుడు రాయి గీసుకుంది. పూడ్చకముందే బాగుచేశాం. పైకి ఏ తేడా తెలియని ఆ చిరుగే పదేళ్లకు నీటి దారి అయ్యేది.

టాన్ డెల్టా విలువలు ఇప్పుడు అన్ని ఎక్స్‌ఎల్‌పీఈ భాగాల్లో నిలకడగా ఉన్నాయి. పాక్షిక డిస్చార్జి (ఇన్సులేషన్ లోపల పుట్టే చిన్న మెరుపులు) పరీక్షలో ఒక పాత జాయింట్ నుంచి పల్సులు వస్తున్నాయి. కాగితపు కేబుల్ కొంత డిస్చార్జిని ఏళ్ల తరబడి భరిస్తుంది కాబట్టి దాన్ని వెంటనే తెరవడం లేదు. మూడు నెలలకోసారి కొలిచి, తీవ్రత పెరుగుతుందా అన్నది చూస్తాం. పెరిగితే తెరుస్తాం.

రిజిస్టర్‌లో ఫీడర్‌కు ఉన్న ఒక్క సంవత్సరాన్ని తీసేసి, ఒక్కో ముక్కకు ఒక్కో వరుస రాశాం: రకం, తయారీ పద్ధతి, నేల, జాయింట్లు, ఇప్పటి కొలతలు. పక్క ఫీడర్‌కు కూడా ఇదే పద్ధతి కావాలని అడిగారు. దాని జాయింట్ రిజిస్టర్ తెప్పించాను. మొదటి రెండు పుటల్లో మ్యాపు లేని మరమ్మతులు కనిపిస్తున్నాయి. వచ్చే వారం లొకేటర్‌తో సబ్‌స్టేషన్ గేటు దగ్గర నుంచి మొదలుపెడుతున్నాం.